అరుదైన పేర్ల పుట్టిళ్లు

మా తమ్ముడికి కూతురు పుట్టిన వారం రోజులకు వాడి దగ్గరి నుంచి నాకొక పట్టిక వచ్చింది. అందులో అరవైకి పైగా పేర్లు, ప్రతి పేరుకూ ఎదురుగా ఒక అర్థం, ఆ పక్కన అది ఏ భాషదో రాసి ఉన్నాయి. పేరు కొత్తగా ఉండాలి, తెలిసినవాళ్లలో ఎవరికీ ఉండకూడదు, అర్థం మాత్రం గొప్పగా ఉండాలన్నవి దంపతులిద్దరూ పెట్టుకున్న నియమాలు. నిఘంటువులు తిరగేసే అలవాటు నాకుంది కనుక, ఈ అర్థాలు నిజమో కాదో చూసి పెట్టే పని మేనత్తనైన నామీద పడింది.

పట్టికలో మొదటి పేరు మిష్క. సంస్కృతంలో "ప్రేమ కానుక" అని దానికి అర్థం రాసి ఉంది. నా దగ్గరున్న సంస్కృత నిఘంటువుల్లో అటువంటి మాట ఎంత వెతికినా కనబడలేదు. రష్యన్ భాషలో మాత్రం అది ఇంటింటా వినిపించే మాట. మిఖాయిల్ అనే మగపిల్లవాడిని ముద్దుగా మీషా అనీ, ఇంకా చనువుగా మీష్కా అనీ పిలుస్తారు. వాళ్ల జానపద కథల్లో ఎలుగుబంటికి కూడా అదే పేరు. 1980 మాస్కో ఒలింపిక్స్ చిహ్నంగా నిలిచిన ఎలుగుబంటి పిల్ల పేరు కూడా మీషాయే. ఈ సంగతి చెప్పగానే మా మరదలు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "ఎలుగుబంటి పిల్ల అయితే మాత్రమేం వదినా, ముద్దుగానే ఉంటుంది కదా" అంది. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను. పేరు ముద్దుగా ఉండడంలో తప్పేమీ లేదు. దానికి లేని సంస్కృతాన్ని అంటగట్టడమే నాకు నచ్చని విషయం.

ఆ పట్టికలోని పేర్లను ఒక్కొక్కటిగా చూస్తూ పోతుంటే, ఇటువంటి పట్టికలు తయారుచేసేవారు పాటించే పద్ధతి ఏమిటో నాకు కొంత అర్థమైంది. వినడానికి ఇంపుగా ఉండే రెండు మూడు అక్షరాలను తీసుకుని, వాటిలో ఏదో ఒక సంస్కృత ధాతువు ఛాయను పట్టుకుని, వెలుగు, ప్రేమ, దేవత, కానుక అనే నాలుగు మాటల్లో ఒకదానిని పక్కన రాసేస్తారు. నికిత అనే పేరు ఎదుట "భూమి" అని ఉంది. నికేతం అంటే ఇల్లు కనుక, అక్కడి నుంచి భూమి దాకా లాక్కొచ్చి ఉంటారు. అసలు నికిత గ్రీకులో "జయించరానివాడు" అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన మగవాళ్ల పేరు. సోవియట్ యూనియన్‌ను ఏలిన నికితా క్రుశ్చేవ్‌ను తలచుకుంటే చాలు. చివర ఆకారం ఉండడం వల్ల మన చెవికి అది ఆడపిల్ల పేరులా తోచింది, అంతే. మైరా అనే పేరుకు "ప్రియమైనది" అని రాశారు. అది ఇంగ్లీషు కవి ఫుల్క్ గ్రెవిల్ (1554–1628) తన ప్రేమ కవితల్లో ఒక నాయికకు పెట్టుకున్న పేరు.

కియారా సంగతి వీటన్నిటికంటే విచిత్రమైనది. ఇటాలియన్‌లో కియారా అంటే వెలుగు, నిర్మలం. లాటిన్‌లోని "క్లారా" అక్కడ అలా మారింది, అసీసీ పట్టణానికి చెందిన పదమూడవ శతాబ్దపు సన్యాసిని క్లారాను ఇటలీలో కియారా అనే పిలుస్తారు. ఐర్లండ్‌లో దాదాపు అవే అక్షరాలతో రాసి "కీరా" అని పలికే ఇంకొక పేరుంది. దాని మూలపదానికి అర్థం నలుపు, చీకటి. ఈ రెండు పేర్లూ ప్రపంచమంతా తిరిగి ఒకే రాతలోకి, ఒకే పలుకులోకి కలిసిపోయాయి. కనుక కియారా అనే పాపను చూసి ఒకరు వెలుగు అనవచ్చు, మరొకరు చీకటి అనవచ్చు, ఇద్దరూ అబద్ధం చెప్పినట్టు కాదు. పట్టికలో మాత్రం వెలుగు ఒక్కటే ఉంది.

ఇక్కడి దాకా వచ్చేసరికి నేను అర్థాల వేట మానుకుని పేర్ల పుట్టిళ్లు వెతకడం మొదలుపెట్టాను. ఒక పేరు మొట్టమొదట ఎక్కడ, ఎవరి నోట, ఎందుకు పుట్టింది అన్నది తెలిస్తే, అర్థం ఒక మాటలో ఉన్నా లేకపోయినా ఆ పిల్ల పెద్దయ్యాక చెప్పుకోవడానికి ఒక కథ మిగులుతుంది. పైగా అరుదైన పేర్లలో చాలా వాటికి అర్థం కంటే కథే గట్టిది.

వెనెస్సా అనే పేరునే తీసుకోండి. గ్రీకులో సీతాకోకచిలుక అని దీనికి అర్థం రాసేస్తుంటారు. కానీ గ్రీకులో అటువంటి మాట లేదు. ఐర్లండ్ రచయిత జొనాథన్ స్విఫ్ట్ తన స్నేహితురాలు ఎస్తర్ వానమ్రీ కోసం ఈ పేరును స్వయంగా కల్పించాడు. ఆమె ఇంటిపేరులోని మొదటి అక్షరాలైన "వాన్"కు, ఎస్తర్‌ను ముద్దుగా పిలిచే "ఎస్సా"ను కలిపాడు. ఆమె 1723లో మరణించింది, ఆ పేరును కల్పించిన కవిత 1726లో అచ్చయింది. ఆ తరువాత 1807లో ఫాబ్రీసియస్ అనే డేనిష్ కీటక శాస్త్రవేత్త ఒక జాతి సీతాకోకచిలుకలకు వెనెస్సా అని పేరు పెట్టాడు. అంటే సీతాకోకచిలుకే ఆ అమ్మాయి పేరు పెట్టుకుంది. పట్టికలు రాసేవారు దీనిని తలకిందులు చేశారు.

వెండీ కథ ఇంకొంచెం బాధాకరమైనది. స్కాట్లండ్ రచయిత జె. ఎం. బారీకి హెన్లీ అనే కవి మిత్రుడు ఉండేవాడు, ఆయనకు మార్గరెట్ అనే చిన్న కూతురు ఉండేది. ఆ పిల్ల బారీని "ఫ్రెండీ" అని పిలవబోయి, రకారం పలకక, "ఫ్వెండీ" అనేది. ఆమె అయిదేళ్ల వయసులో, 1894లో చనిపోయింది. పదేళ్ల తరువాత, 1904లో ప్రదర్శించిన తన పీటర్ పాన్ నాటకంలో బారీ ఒక బాలికకు వెండీ అని పేరు పెట్టాడు. అంతకు ముందు ఆడపిల్ల పేరుగా దాదాపు ఎక్కడా వినబడని ఆ మాట, ఆ తరువాత యాభై ఏళ్లలో ఇంగ్లీషు మాట్లాడే దేశాలన్నిటా వ్యాపించింది. అక్షరం పలకని పసిదాని నోటి నుంచి పుట్టిన పేరు కనుక దీనికి వ్యుత్పత్తి చెప్పమని ఏ పండితుడినీ అడగలేము.

అచ్చుతప్పు నుంచి పుట్టిన పేరు కూడా ఒకటి ఉంది. ఇమొజెన్ అనే పేరు షేక్స్పియర్ నాటకాల సంపుటం 1623లో అచ్చయినప్పుడు లోకంలోకి వచ్చింది. అయితే ఆ పేరున్న రాజకుమార్తె కనిపించే సింబెలీన్ నాటకాన్ని 1611లో చూసిన సైమన్ ఫార్మన్ అనే వ్యక్తి తన పుస్తకంలో ఆ రాజకుమార్తె పేరును "ఇనొజెన్" అని రాసుకున్నాడు. షేక్స్పియర్ చదివిన చరిత్ర పుస్తకాల్లోనూ ఇనొజెన్ అనే రాణి పేరే ఉంది. ఇంగ్లీషు చేతిరాతలో రెండు నకారాలు పక్కపక్కన పడితే మకారంలా కనబడతాయి కనుక, అచ్చుకూర్చినవారు పొరబడి ఉంటారని చాలామంది పండితులు భావిస్తారు. తెలుగు చేతిరాతలో వకారం తోక కాస్త సాగితే మకారమైపోతుంది కనుక ఈ ప్రమాదం మనకు తెలియనిది కాదు. నాలుగు వందల ఏళ్లుగా ఎందరో ఆడపిల్లలు ఆ పొరపాటును పేరుగా మోస్తున్నారు, ఆ పేరు ఎంతో అందంగా ఉంది. కావాలని కల్పించిన పేరుకూ, చెయ్యి జారి పుట్టిన పేరుకూ తరువాతి తరాలు ఏమీ తేడా చూపవు.

మన దేశంలో ఒకప్పుడు రష్యన్ అనువాద సాహిత్యం ద్వారా ప్రవేశించిన స్వెత్లానా కూడా కల్పించిన పేరే అని తెలిసినప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. అది వింటే ఎంతో పురాతనమైన స్లావిక్ పేరులా అనిపిస్తుంది. "స్వెత్" అంటే రష్యన్‌లో వెలుగు. కానీ దానిని వోస్తోకొవ్ అనే కవి 1802లో తన కావ్యం కోసం తయారుచేశాడు, 1813లో జుకోవ్స్కీ ప్రచురించిన ఒక గాథాకవిత వల్ల అది జనంలోకి వెళ్లింది. చర్చి ఆమోదించిన సాధువుల జాబితాలో లేదు కనుక బాప్తిస్మం సమయంలో ఆ పేరు పెట్టేవారు కాదు. అదే అర్థమున్న గ్రీకు పేరు ఫోతీనాను బదులుగా వాడేవారు. విప్లవం తరువాత ఆ అడ్డు తొలగిపోయింది. 1926లో పుట్టిన తన కూతురికి స్టాలిన్ ఈ పేరే పెట్టాడు.

ఆ విప్లవం రోజుల్లోనే అక్కడ ఇంకొక వింత పద్ధతి వచ్చింది. లెనిన్ పేరును వెనుక నుంచి చదివితే నినెల్ అవుతుంది, అది ఆడపిల్ల పేరుగా చక్కగా కుదిరింది. అక్టోబర్ విప్లవం పేరుతో ఒక్త్యాబ్రీనా అని కూడా పిలిచారు. ఈ తలకిందుల పద్ధతి సోషలిస్టులకే పరిమితమని అనుకోకూడదు. ఇంగ్లీషులో స్వర్గం అనే అర్థమున్న "హెవెన్" అనే మాట అక్షరాలను వెనుక నుంచి రాస్తే నెవేయా అవుతుంది. 2000లో ఒక అమెరికన్ రాక్ గాయకుడు టెలివిజన్ కార్యక్రమంలో తన కూతురి పేరు అదేనని చెప్పాడు. అంతకు ముందు సంవత్సరం, అంటే 1999లో, అమెరికాలో ఆ పేరు పెట్టుకున్న శిశువులు 8 మంది మాత్రమే. 2005లో వారి సంఖ్య 4,457. ఒకరేమో నాస్తిక నాయకుడిని, మరొకరేమో స్వర్గాన్ని, ఇద్దరూ ఒకే రకంగా తలకిందులు చేసి కూతుళ్లకు పెట్టుకున్నారు. అరుదుగా ఉంటుందని ఎంచుకున్న పేరు ఆరేళ్లలో తరగతికొకరికి ఉండే పేరైపోవచ్చునని మా తమ్ముడికి ఈ లెక్క చూపించి చెప్పాను. దానితో వాడి మొదటి నియమం కొంత సడలింది.

నదుల పేర్లకు ఈ ప్రమాదం తక్కువ. పట్టికలో "బిపాషా" అని ఒక పేరుంది, దాని ఎదుట "గాఢమైన కోరిక" అని రాసి ఉంది. దీనికి కోరికతో ఏ సంబంధమూ లేదు. ఇది విపాశ అనే నది పేరు, వంగదేశపు పలుకుబడిలో వకారం బకారమై ఇలా మారింది. ఇప్పుడు మనం బియాస్ అంటున్న నది ఇదే. ఋగ్వేదం మూడవ మండలంలో విశ్వామిత్రుడు దారి ఇమ్మని వేడుకున్న రెండు నదుల్లో ఒకటి విపాశ్, రెండవది శుతుద్రి, అంటే నేటి సట్లెజ్. కొడుకులందరూ చనిపోయిన దుఃఖంలో వసిష్ఠుడు ఒళ్లంతా తాళ్లతో బిగించుకుని ఈ నదిలో దూకాడని, నది ఆ కట్లన్నిటినీ తెంచి ఆయనను ఒడ్డుకు చేర్చిందని, అప్పటి నుంచి విపాశ అయిందని మహాభారతం చెబుతుంది. యాస్కుడి నిరుక్తంలో కూడా ఈ వ్యుత్పత్తి ఉంది, అంతకు ముందు ఆ నది పేరు ఉరుంజిర అని ఆయన రాశాడు. గ్రీకులు దీనినే హైఫాసిస్ అన్నారు. క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ సైన్యం ఇక ముందుకు రాలేమని మొండికేసింది ఈ ఒడ్డునే. చావబోయిన వాడి కట్లు విప్పి బతికించిన నది, లోకాన్ని గెలవబోయిన వాడిని నిలబెట్టేసిన నది. ఇంత కథ ఉన్న పేరుకు "గాఢమైన కోరిక" అని రాసినవారి మీద నాకు కోపం వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

తపతి కూడా ఇటువంటిదే. సూర్యుడి కూతురు, సావిత్రికి చెల్లెలు, సంవరణుడి భార్య, కురువుకు తల్లి. ఆమె వంశంలో పుట్టినందుకే ఆదిపర్వంలో గంధర్వుడు అర్జునుడిని "తాపత్యా" అని సంబోధిస్తాడు. మేము కౌంతేయులం కదా, తాపత్యులం ఎలా అయ్యామని అర్జునుడు అడుగుతాడు, అక్కడి నుంచి ఆమె కథ మొదలవుతుంది. తాపీ నదికి ఆమె పేరే ఆధారం. తల్లి పేరుతో కొడుకులను పిలవడం పురాణాల్లో కొత్త కాదు గానీ, ఎన్నో తరాల వెనుకటి అమ్మమ్మనో నాయనమ్మనో తలచి పిలవడం అరుదు.

మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే (1905–1970) బర్మాలో పుట్టారు, అక్కడి ఇరావతి నది పేరే ఆమెకు పెట్టారు. ఆమెకు ముప్పాతిక శతాబ్దం పైగా ముందు, ఇటలీ యాత్రలో ఉన్న ఒక ఇంగ్లీషు దంపతులు 1819లో నేపుల్స్‌లో పుట్టిన పెద్ద కూతురికి ఆ నగరపు పాత గ్రీకు పేరు పార్థెనోపి అనీ, 1820లో ఫ్లోరెన్స్ నగరంలో పుట్టిన రెండవ కూతురికి ఫ్లోరెన్స్ అనీ పేర్లు పెట్టారు. రెండవ అమ్మాయి ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆమె వల్ల ఫ్లోరెన్స్ లక్షలాది ఆడపిల్లల పేరైంది. అక్క పేరు మాత్రం నేటికీ అరుదుగానే ఉండిపోయింది. ఒకే ఇంట్లో, ఒకే ఆలోచనతో పెట్టిన రెండు పేర్లలో ఏది అరుదుగా మిగులుతుందో పెట్టిన రోజున ఎవరికి తెలుస్తుంది?

ఈ వెతుకులాటలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఆనందం కలిగించినవి కృత్తికలు. ఆకాశంలో దగ్గరదగ్గరగా గుమిగూడి కనిపించే ఆ చిన్న నక్షత్రాల గుంపును అరబ్బులు "సురయ్యా" అన్నారు. సమృద్ధి అనే అర్థమున్న మాట నుంచి అది వచ్చింది. అదే ఇరాన్‌లో సొరాయా అయింది, 1951లో ఇరాన్ షాను వివాహమాడిన రాణి పేరు అదే. పారసీకంలో అదే గుంపుకు సొంత పేరు పర్వీన్. మన సురయ్యాలూ, పర్వీన్లూ, కృత్తికలూ ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చుంటే ముగ్గురి పేరూ నిజానికి ఒకటే అన్నమాట. జపానువారు ఆ గుంపును సుబారు అంటారు, ఆ పేరుతో వచ్చే కారు ముందు భాగంలో కనిపించే ఆరు నక్షత్రాలు ఇవే. తెలుగువాళ్లు ఆ గుంపులో తల్లికోడినీ దాని చుట్టూ పిల్లలనూ చూసి "పిల్లలకోడి" అన్నారు. చాలా చక్కటి చూపే కానీ, దానిని పట్టికలో చేర్చే సాహసం నేను చేయలేదు.

పురాణాల్లో కృత్తికలు ఆరుగురు, కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు. అంతకంటే పాతదైన తైత్తిరీయ బ్రాహ్మణంలో మాత్రం వారు ఏడుగురు, అందరికీ విడివిడిగా పేర్లున్నాయి. అంబ, దుల, నితత్ని, అభ్రయంతి, మేఘయంతి, వర్షయంతి, చుపుణీక. ఆ మధ్యలోని మూడు పేర్లను వరుసగా పైకి చదివి చూడండి. మబ్బు పట్టించేది, మేఘాలను కమ్మించేది, వాన కురిపించేది. మూడు పేర్లలోనే ఒక వాన వచ్చిపోతుంది. వేల ఏళ్లుగా ఈ పేర్లు గ్రంథంలో పడి ఉంటే, ఇల్లిల్లూ తిరిగి పరభాషల ముద్దుపేర్లకు సంస్కృతం అతికిస్తున్నాము. మేఘయంతి అని పిలిస్తే బాగుండదా అని నేను ఉత్సాహంగా అడిగితే, "పాఠశాలలో మేఘ అని కుదించేస్తారు వదినా, అప్పుడు నలుగురిలో అయిదవ మేఘ అవుతుంది" అని మరదలు చెప్పింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

వేదంలోకి వెళ్లాను కనుక ఋషికల పేర్లు కూడా చూశాను. లోపాముద్ర, విశ్వవార, ఘోష, అపాల, రోమశ, గోధ. వీటిలో లోపాముద్ర ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. విశ్వవార అంటే అందరూ కోరదగినవన్నీ కలిగినది, ఇంత నిండైన పేరు ఎవరికీ లేకపోవడం వింతగా ఉంది. ఘోష అశ్వినీ దేవతల మీద రెండు సూక్తాలు చెప్పింది, అయినా సముద్ర ఘోష, పారాయణ ఘోష అని మాట అరిగిపోయి, నేటి చెవికి ఆ పేరు అరుపులా వినబడుతుంది. రోమశ అంటే ఒళ్లంతా వెంట్రుకలున్నది అని అర్థం కనుక ఆ పేరు వాడుకలోకి రాకపోవడంలో వింత లేదు.

అపాల దగ్గర మాత్రం కాసేపు ఆగాను. పాలించేవారు, అంటే కాపాడేవారు లేనిది అని ఆ మాటకు అర్థం. అర్థాన్ని బట్టి పేరు పెట్టేవారు ఒక్క క్షణం కూడా చూడకుండా కొట్టేసే పేరు ఇది. ఎనిమిదవ మండలంలోని ఆమె సూక్తం చదివితే అభిప్రాయం మారుతుంది. నీళ్లకు వెళ్లిన అమ్మాయికి దారిలో సోమలత దొరుకుతుంది. దంచడానికి రాళ్లు లేక పళ్లతోనే నమిలి రసం తీసి ఇంద్రుడికి ఇస్తుంది. ఆయన ప్రసన్నుడైతే మూడు చోట్ల మొలకలెత్తించమని కోరుతుంది, అందులో ఒకటి తండ్రి పొలం, ఇంకొకటి తండ్రి బట్టతల. ఆ తరువాతే తన సంగతి. చివరికి ఇంద్రుడు ఆమె చర్మాన్ని సూర్యుడిలా మెరిసేలా చేస్తాడు. కాపాడేవారు లేని పిల్ల తండ్రి నెత్తిమీద జుట్టు మొలవాలని దేవతల రాజును అడగడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. మా తమ్ముడి జుట్టు కూడా పలచబడుతోంది కనుక ఈ పేరును రెండుసార్లు సిఫారసు చేశాను.

ఇటువంటి అర్థం సరిపడని పేర్లు లోకమంతటా ఉన్నాయి. స్పానిష్‌లో డొలోరెస్ అంటే దుఃఖాలు, సోలెదాద్ అంటే ఒంటరితనం. మేరీమాతను ఏడు దుఃఖాల తల్లిగా, ఏకాంతంలో కుమిలిన తల్లిగా కొలిచే బిరుదుల నుంచి అవి వచ్చాయి. కరుణలు అనే అర్థమున్న మెర్సెదెస్ కూడా ఆ బిరుదుల్లోదే. ఎమిల్ యెలినెక్ అనే వ్యాపారి 1889లో పుట్టిన తన కూతురిని ముద్దుగా అలా పిలిచేవాడు, తాను అమ్మే మోటారు కార్లకు ఆ పేరే పెట్టించాడు, 1903లో తన ఇంటిపేరుకు కూడా దానిని తగిలించుకున్నాడు. కూతురి పేరును ఇంటిపేరు చేసుకున్న తండ్రిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఇక 1620లో మేఫ్లవర్ ఓడ ఎక్కి అమెరికా చేరిన ప్యూరిటన్ కుటుంబాల్లో రిమెంబర్, హ్యుమిలిటీ అనే అమ్మాయిలుండేవారు, మూడేళ్ల తరువాత అక్కడికే చేరిన మరొక అమ్మాయి పేరు ఫియర్, అంటే భయం. దైవభీతి అని వారి ఉద్దేశం. ఆమె అక్క పేరు పేషెన్స్, అంటే సహనం.

బైబిలులో యోబు గ్రంథం చివరి అధ్యాయంలో ఒక విశేషం ఉంది. కష్టాలన్నీ తీరాక యోబుకు ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు కలుగుతారు. కొడుకుల పేర్లు గ్రంథం చెప్పదు. కూతుళ్ల పేర్లు మాత్రం చెబుతుంది. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. మొదటిది పావురమని, రెండవది దాల్చినచెక్క వంటి సుగంధమని చెబుతారు. మూడవది కన్నులకు పూసే రంగు దాచుకునే కొమ్ము. మన మాటలో చెప్పాలంటే కాటుక భరిణె. మొదటి రెండూ తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఇప్పటికీ వినబడతాయి. మూడవది పిలవడానికి నోరు తిరగకపోవడం వల్ల కాబోలు మిగిలిపోయింది. అర్థం మాత్రం మూడింటిలోకీ దానిదే నాకు నచ్చింది.

అరుదు అన్నది వినేవారి చెవిని బట్టి ఉంటుందని ఈ పనిలో పదే పదే తెలిసివచ్చింది. ఘానాలోని అకాన్ ప్రజలలో శనివారం పుట్టిన పిల్ల అమా, మంగళవారం పుట్టినది అబెనా, గురువారం పుట్టినది యా. 1900లో బ్రిటిష్‌వారి మీద యుద్ధం నడిపిన రాణిమాత యా అసంతెవా పేరులో ఉన్నది ఆ గురువారమే. మనకు ఎంతో కొత్తగా వినిపించే ఆ పేర్లు అక్కడ ప్రతి వీధిలోనూ ఉంటాయి.

ఐస్‌లండ్‌లో మరొక రకం ఇబ్బంది ఉంది. అక్కడ ఆమోదించిన పేర్ల జాబితా ఒకటి ఉంటుంది, అందులో లేని పేరు పెట్టాలంటే ప్రభుత్వ సంఘం ఒప్పుకోవాలి. ఒక తల్లి తన కూతురికి పిల్లగాలి అనే అర్థమున్న బ్లైర్ అనే పేరు పెట్టింది. ఆ దేశపు నోబెల్ రచయిత హాల్డోర్ లాక్స్‌నెస్ నవలలో ఒక స్త్రీకి ఆ పేరు ఉన్నప్పటికీ, వ్యాకరణం ప్రకారం అది పుంలింగమని సంఘం తిరస్కరించింది. అందువల్ల ఆ పిల్లను పదిహేనేళ్ల దాకా అధికార పత్రాలన్నిటిలో "అమ్మాయి" అని మాత్రమే రాశారు. 2013 జనవరిలో న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు చెప్పాకే పిల్లగాలికి తన పేరు దక్కింది.

ఉన్న పేరు అనుకోకుండా చేజారిపోవడం కూడా జరుగుతుంది. అలెక్సా అనేది అలెగ్జాండ్రా నుంచి వచ్చిన, రక్షకురాలు అనే అర్థమున్న చక్కని పేరు. 2014లో ఒక సంస్థ దానిని మాట్లాడే యంత్రానికి పెట్టింది, ఆ తరువాత ఆ పేరున్న అమ్మాయిలను ప్రతివారూ దీపం ఆర్పమని ఆజ్ఞాపించడం మొదలుపెట్టారు. దీనికి తల్లిదండ్రులు ముందుగా చేయగలిగింది ఏమీ లేదు.

నా వెతుకులాట ముగిసేసరికి పట్టికలోని అరవై పేర్లలో యాభైకి పైగా అర్థాలు కొట్టివేసి, పక్కన పుట్టిళ్లు రాసి, నా వంతుగా పదిహేను పేర్లు చేర్చి తమ్ముడికి తిప్పి పంపాను. నిన్న రాత్రి వాడు ఫోన్ చేశాడు. విపాశ, తపతి అనే రెండింటి దగ్గర ఆగారట. వాడికి వసిష్ఠుడి కథ నచ్చింది. మరదలికి మాత్రం అర్జునుడంతటివాడు ఆ పేరెవరిదని అడిగి తెలుసుకోవలసి రావడం నచ్చింది. పాప ఏడుస్తుంటే రెండు పేర్లతోనూ పిలిచి చూశామని, రెండింటికీ ఏడుపు ఆపలేదని, మిష్కా అంటే మాత్రం ఒకసారి తల తిప్పి చూసిందని వాడు నవ్వుతూ చెప్పాడు.